సముద్రపు బురదలో లంగరు ఎందుకు ఊడిరాదు?

కాకినాడకు ఎదురుగా బంగాళాఖాతంలో ఆర్మడా స్టెర్లింగ్ ఫైవ్ అనే ఓడ ఉంది. ఓఎన్‌జీసీ తన కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 బ్లాకులో 2024 జనవరిలో మొదటిసారి తీసిన చమురు ఈ ఓడ మీదికే చేరింది. ఓడ అన్నమాటే గానీ సరుకు మోసుకుని ఊళ్లు తిరిగే రకం కాదు. ఉన్నచోటనే ఉండి, సముద్రం అడుగున ఉన్న బావుల నుంచి గొట్టాల్లో వచ్చే చమురును శుద్ధి చేసి నిల్వ చేయడం దీని పని. ఇలాంటి ఓడల్ని ఎఫ్‌పీఎస్‌ఓ అంటారు. గాలికీ ప్రవాహానికీ ఓడ మరీ పక్కకు జరిగితే ఆ గొట్టాలు తట్టుకోవు. అందుకే నాలుగు వైపులా లంగర్లు వేసి పట్టి ఉంచాలి. ఆ లంగర్లు దిగేది ఎక్కడికయ్యా అంటే, మనిషి నిలబడితే దిగబడిపోయేంత మెత్తటి బురదలోకి.

మెత్తదనం ఎంతో అంకెల్లో చూద్దాం. లోతు సముద్రాల్లో అడుగున పై మీటరు మందంలో ఉండే బంకమన్ను బలం సాధారణంగా 5 కిలోపాస్కల్స్ కూడా ఉండదు. 2 అనుకుంటే, దాని మీద చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను బరువు పెట్టగానే అది పక్కలకు జారిపోతుంది. ఊళ్లో ఓ మాదిరి మేడ పునాది నేల మీద వేసే బరువు దీనికి పది రెట్లకు పైనే. అయినా ఇదే మట్టిలో దించిన ఒక్కో లంగరు వెయ్యి టన్నుల లాగుడును తట్టుకుంటోంది. ఇనుము గట్టిదనం వల్ల ఇది సాధ్యమవుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఇనుము వాటా తక్కువ. పని చేసేది మట్టి లోపల చిక్కుకుని బయటికి రాలేని నీరు. ఈ ఒక్క విషయం పట్టుబడితే లోతు సముద్రపు లంగర్ల శాస్త్రంలో సగం పైన అర్థమైనట్టే.

అంత నీటి బరువు కింద మట్టి గట్టిపడదా?

ఈ సందేహం దాదాపు అందరికీ వస్తుంది. వెయ్యి మీటర్ల లోతున నీటి ఒత్తిడి మన మీదున్న గాలి ఒత్తిడికి సుమారు వంద రెట్లు. అంత బరువు మీద పడితే బురద రాయి కావాలి కదా?

కాదు. ఎందుకో 1920లలోనే, మట్టి శాస్త్రానికి పునాది వేసిన ఇంజనీరు కార్ల్ టెర్జాగీ తేల్చాడు. మట్టి అంటే గింజలూ, వాటి మధ్య సందుల్లో నీరూ. పైనున్న సముద్రం ఎంత ఒత్తిడి చేస్తుందో, సందుల్లోని నీరు కూడా అంతే ఒత్తిడితో ఎదురు నిలుస్తుంది. రెండూ సరికి సరి. గింజను గింజకు నొక్కేది గింజల సొంత బరువు మాత్రమే, అదీ నీటిలో తేలుడు పోగా మిగిలినది. మెత్తటి సముద్రపు బంకమట్టిలో ఈ మిగులు ఘనపు మీటరుకు దాదాపు అర టన్ను, అంటే 5 కిలోన్యూటన్లు. ఇలా సహజంగా పేరుకున్న మట్టికి, పైనుంచి పడే ఈ మిగులు బరువులో సుమారు పావు వంతు బలం వస్తుంది. కాబట్టి మట్టిలోకి ఒక్కో మీటరు దిగేకొద్దీ బలం ఒకటింపావు కిలోపాస్కల్ చొప్పున పెరుగుతుంది. 10 మీటర్ల దిగువన పన్నెండున్నర, 25 మీటర్ల దిగువన 31. పైన నీరు వంద మీటర్లున్నా రెండు వేల మీటర్లున్నా లెక్క మారదు. మెక్సికో సింధుశాఖలో ఇంజనీర్లు లెక్క మొదలుపెట్టే అంకెలు కూడా దాదాపు ఇవే.

కృష్ణా-గోదావరి బేసిన్‌కు వస్తే అక్కడి మట్టి మనకు తెలిసినదే. గోదావరి పరీవాహకంలో పెద్ద భాగం దక్కను లావా రాళ్ల మీదుంది. ఆ రాళ్లు చివికి నల్లరేగడి అవుతుంది. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చి ఇళ్ల గోడలు పగలగొట్టే స్మెక్టైట్ అనే ఖనిజం అందులోదే. నది దాన్ని మోసుకెళ్లి సముద్రంలో పోస్తుంది. స్మెక్టైట్ రేణువులు మరీ సన్నటివి, నీటిని పట్టుకుని వదలవు. పైపెచ్చు ఒండ్రు వేగంగా పేరుకునే చోట కింది పొరలోని నీరు తప్పించుకునేలోపే పై పొర వచ్చి కూర్చుంటుంది. అలాంటి చోట పైన వేసిన పావు వంతు లెక్క కూడా తప్పుతుంది, మట్టి ఇంకా మెత్తగా ఉంటుంది. పటంలో లోతు చూసి మట్టి బలం ఊహించే పద్ధతి అందుకే పనికిరాదు. వెళ్లి కొలవాల్సిందే.

కొలవడమే ఒక విద్య

నేల మీదైతే కోన్ ఆకారపు మొనను మట్టిలోకి నొక్కి, అది ఎంత ఎదురు తోసిందో చూస్తారు. వెయ్యి మీటర్ల నీటి కింద ఇదే పని చేస్తే చిక్కొస్తుంది. అక్కడ నీటి ఒత్తిడే 10,000 కిలోపాస్కల్స్. మట్టి ఇచ్చే ఎదురు పై మీటరులో పాతిక కూడా దాటకపోవచ్చు. పది వేల మీద పాతికను పసిగట్టాలి, మొన ముందూ వెనకా నీటి ఒత్తిడి పడే తేడాను కూడా సవరించుకోవాలి. కొంచెం పొరబడినా వచ్చే అంకెకు అర్థం ఉండదు.

దీనికి పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో 1990ల మొదట్లో ఒక సులువైన ఉపాయం కనిపెట్టారు. కోన్ తీసేసి, కడ్డీ చివర అడ్డంగా చిన్న స్థూపం తగిలించారు. 4 సెంటీమీటర్ల మందం, 25 సెంటీమీటర్ల పొడవు. ఇంగ్లీషు టీ అక్షరాన్ని తలకిందులు చేసినట్టుంటుంది, పేరు కూడా టీ-బార్. మట్టిలోకి దిగేటప్పుడు మెత్తటి బంకమట్టి దాని చుట్టూ తిరిగి వెనక్కి చేరుకుంటుంది. పైనా కిందా నీటి ఒత్తిడి దాదాపు సమానం కాబట్టి ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి, మిగిలేది మట్టి ఎదురు మాత్రమే. దాన్ని పదిన్నరతో భాగిస్తే మట్టి బలం. పైకీ కిందికీ పదే పదే ఆడిస్తే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. కలియబెట్టిన మట్టి ఎంత నీరసపడుతుందో తెలుస్తుంది. మామూలుగా సగానికో, మూడో నాలుగో వంతుకో పడిపోతుంది. లంగరు దించేటప్పుడు ఈ నీరసం మనకు మేలు, దించాక కీడు. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

గొలుసు బరువు నుంచి తాడు బిగువుకు

తక్కువ లోతులో లంగరు పని తేలిక. గొలుసు ఓడ నుంచి వేలాడి, చివరి కొన్ని వందల మీటర్లు నేల మీద పడుకుని ఉంటుంది. ఓడ లాగినా లంగరుకు చేరేది అడ్డం లాగుడే. మట్టిలోకి దున్నుకుంటూ వెళ్లే నాగలి రకం లంగరు దానికి సరిపోతుంది, లాగేకొద్దీ లోతుకు దిగి గట్టిగా పట్టుకుంటుంది. అది చివరికి ఎంత లోతులో ఆగిందో మాత్రం ఖచ్చితంగా చెప్పలేం. టగ్‌బోటుతో బాగా లాగి చూసి, నిలిస్తే ఒప్పుకుంటారు.

లోతు వెయ్యి మీటర్లు దాటాక గొలుసు తనంతట తానే భారమైపోతుంది. ఓడ మోయగల బరువులో గొలుసు వాటా పెరుగుతుంది. అదీగాక లంగర్లు ఓడ నుంచి కిలోమీటర్ల దూరం పరుచుకుంటాయి. ఆ దారిలోనే చమురు గొట్టాలూ, కేబుళ్లూ ఉంటాయి. 1990ల చివర్లో బ్రెజిల్ కంపెనీ పెట్రోబ్రాస్ పాలియెస్టర్ తాళ్లను వాడకంలోకి తెచ్చింది. నీటిలో దాదాపు బరువుండవు, కాస్త సాగుతాయి. ఓడ నుంచి నేలకు ఏటవాలుగా బిగించి కట్టేయొచ్చు. బరువు బాధ తీరింది, కొత్త బాధ మొదలైంది. తాడు నేలను 40 డిగ్రీలకు అటూ ఇటూ కోణంలో తాకుతుంది కాబట్టి లంగరును పక్కకే కాదు, పైకి కూడా లాగుతుంది. మామూలు నాగలి లంగరును పైకి లాగితే వచ్చేస్తుంది. ఈరోజు మనం చూస్తున్న లోతు నీటి లంగర్లన్నీ ఏదో ఒక రకంగా ఈ పైకి లాగుడుకు జవాబులే.

పెట్రోబ్రాస్ జవాబు మొరటుగా కనిపిస్తుంది గానీ నాకు ముచ్చటేస్తుంది. రాకెట్ ఆకారంలో ఇనుప గొట్టం చేసి, లోపల తుక్కు ఇనుమూ కాంక్రీటూ నింపి, నేలకు కొన్ని పదుల మీటర్ల ఎత్తు నుంచి వదిలేస్తారు. దాని పేరు టార్పెడో పైల్. పైల్ అంటే మట్టిలోకి లోతుగా దించే పొడవాటి పునాది స్తంభం. 98 టన్నుల రకం బ్రెజిల్ తీరంలోని కాంపోస్ బేసిన్‌లో పీ-50 ఓడకు వాడారు. సెకనుకు 20 మీటర్లు దాటిన వేగంతో వచ్చి గుచ్చుకుని, తల కూడా కనపడకుండా మట్టిలో మునిగిపోతుంది. పంపులు అక్కర్లేదు, సుత్తి అక్కర్లేదు, పెద్ద క్రేను ఓడ అక్కర్లేదు. ఎంత లోతుకు పోయింది, ఎంత వంగింది అన్నది మాత్రం లోపల పెట్టిన పరికరాలు చెప్పాలి. దిగేటప్పుడు కలిసిపోయిన మట్టి మళ్లీ గట్టిపడే దాకా కొన్ని వారాలూ నెలలూ పూర్తి బలం రాదు కూడా.

పీల్చి దించే పైల్

ప్రపంచంలో ఎక్కువ చోట్ల నెగ్గినది మాత్రం సక్షన్ పైల్. పెద్ద ఇనుప డబ్బా, పైన మూత, కింద ఏమీ లేదు. వ్యాసం 5 మీటర్లు, పొడవు 25 మీటర్లు ఉన్న దాన్ని తీసుకుని నడిచినంత దూరం లెక్క నడిపిద్దాం. అంకెలు ఉజ్జాయింపువే, మట్టి ఇందాకటి ఒకటింపావు లెక్కదే.

క్రేనుతో నేల మీదికి దించుతారు. మూతలోని రంధ్రాలు తెరిచే ఉంటాయి, లోపలి నీరు పోతూ ఉంటుంది. బరువు నీటిలో 130 టన్నులు ఉందనుకుంటే ఆ బరువుకే సుమారు సగం దాకా దిగుతుంది, తర్వాత ఆగిపోతుంది. అప్పుడు ఆర్ఓవీ, అంటే కేబుల్‌తో నడిపే నీటి అడుగు రోబో, వచ్చి రంధ్రాలు మూసి, మూతకు పంపు తగిలించి లోపలి నీటిని బయటికి తోడుతుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది. బయటి సముద్రం మూతను కిందికి నొక్కుతుంది. మూత వైశాల్యం దాదాపు 20 చదరపు మీటర్లు. లోపలా బయటా తేడా 130 కిలోపాస్కల్స్ ఉంటే చాలు, మరో 260 టన్నుల బరువు పైన పెట్టినట్టే. మిగతా సగం కొన్ని గంటల్లో దిగిపోతుంది. కిందికి నొక్కే సుత్తి ఇక్కడ సముద్రమే.

మట్టి కలిసి నీరసపడటం మేలు అన్నది ఇందుకే. గోడ వెంట రాపిడి తగ్గి పైల్ తేలిగ్గా దిగుతుంది. మరీ ఎక్కువ పీలిస్తే మాత్రం కింది మట్టి డబ్బాలోకి పైకి ఉబ్బి వచ్చేస్తుంది, పైల్ దిగడం ఆగుతుంది. మన ఉదాహరణలో ఆ ప్రమాదం 350 కిలోపాస్కల్స్ దాటాక ఉంటుంది, కాబట్టి ఎడం బాగానే ఉంది. పొడవు ఇంకా పెంచుకుంటూ పోతే ఈ ఎడం తగ్గుతుంది.

ఇప్పుడు ఊడపీకి చూద్దాం. నిట్టనిలువునా లాగితే ముందు గోడ బయటి రాపిడి అడ్డుపడుతుంది. మట్టి మళ్లీ కుదురుకున్నాక అది 400 టన్నుల వరకూ ఉంటుంది. పైల్ సొంత బరువు 130. రెండూ కలిపినా ఆరు వందలు లేదు. మిగతాది అడుగున ఉంది. నాట్లకు దమ్ము చేసిన మడిలో కాలు మోకాలి దాకా దిగబడినప్పుడు గబుక్కున లాగితే రాదు, అటూ ఇటూ మెల్లగా కదిపి అరికాలి కిందికి నీరు పోనిస్తే వస్తుంది. సక్షన్ పైల్ కింద జరిగేదీ అదే. మూత గట్టిగా మూసి ఉంది కాబట్టి పైల్ లేవాలంటే లోపలి మట్టి ముద్ద మొత్తం దానితో లేవాలి. ఆ ఖాళీలోకి నీరు రావాలి. బంకమట్టిలో నీటి నడక ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు. తుపాను అల తాడును గుంజేది కొన్ని సెకన్లు. ఆ సెకన్లలో నీరు రాలేదు, కింది మట్టి అంతా తెగి పైకి రావాల్సిందే. దానికి మరో 550 టన్నులు అడ్డు. మొత్తం వెయ్యికి పైన. అందులో సగం, రాలేకపోయిన నీటి పుణ్యం.

అదే లాగుడు సెకన్లు కాక వారాల తరబడి సాగితే? మెక్సికో సింధుశాఖలో లూప్ కరెంట్ అనే ప్రవాహం ఓడల్ని అలాగే రోజులూ వారాలూ ఒకే వైపు నెడుతుంది. నీటికి సమయం దొరుకుతుంది, అడుగు పట్టు మెల్లగా సడలుతుంది. అందుకే డిజైన్‌లో పెద్ద తుపాను ఒక కేసు, చిన్నదైనా ఆగని ప్రవాహం ఇంకో కేసు. రెండోదాన్ని తేలిగ్గా తీసుకోవడం కొత్తవాళ్లు చేసే పొరపాటు.

పక్క లాగుడు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. గొలుసును పైల్ తల దగ్గర కడితే పైల్ పన్నులా వంగి పైమట్టిని, అంటే బలం లేని మట్టిని, తోసుకుంటూ పడిపోతుంది. అదే గొలుసు తగిలించే కొక్కేన్ని మట్టిలో మూడింట రెండు వంతుల లోతున పెడితే పైల్ వంగకుండా నిలువుగానే పక్కకు జరగాలని చూస్తుంది. పొడవునా ఉన్న మట్టి మొత్తం ఎదురు తిరుగుతుంది. మన పైల్‌కు అది 2,000 టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. పైల్ అదే, మట్టి అదే. కొక్కెం స్థానం మార్చినందుకు బలం రెట్టింపు పైన పెరుగుతుంది.

ఈ రకం పైల్స్ మొదటిసారి పెద్ద ఎత్తున వాడింది 1981 ప్రాంతంలో డెన్మార్క్‌కు చెందిన గోర్మ్ క్షేత్రంలో, నలభై మీటర్ల లోతులోనే. లోతు పెరిగేకొద్దీ పద్ధతికి బలం పెరిగింది. తక్కువ నీటిలో లోపలి ఒత్తిడిని కొంతవరకే తగ్గించగలం, ఆపైన నీరు ఆవిరి బుడగలు కట్టేస్తుంది. వెయ్యి మీటర్లలో ఆ హద్దు అడ్డే కాదు. మట్టి గట్టిదనానికి ఏమాత్రం ఉపయోగపడని ఆ నీటి ఒత్తిడి, పంపుకు మాత్రం ఇలా కలిసొచ్చింది.

ఒక పిట్టకథ. 1994లో ఉత్తర సముద్రంలో డ్రాప్నర్-ఈ అనే ప్లాట్‌ఫామ్‌ను పైల్స్ కొట్టకుండా ఇలాంటి పీల్చే బకెట్ల మీద నిలబెట్టారు. పద్ధతి కొత్తది, నమ్మకం తక్కువ. అందుకని దానికి నిండా కొలత పరికరాలు తగిలించారు. 1995 జనవరి 1న అక్కడి లేజర్ 25.6 మీటర్ల ఎత్తున్న ఒంటరి అలను నమోదు చేసింది. నావికులు తరాలుగా చెబుతూ వచ్చిన రాకాసి అలకు నమ్మదగ్గ తొలి కొలతల్లో ఒకటిగా దానికి పేరొచ్చింది. పునాది మాత్రం చెక్కుచెదరలేదు.

లెక్కకు అందనివి

లంగరు బలం లెక్క ఇంత నిక్కచ్చిగా వస్తున్నా, చేటు వచ్చేది చాలాసార్లు లెక్కలో లేని వైపు నుంచే. పశ్చిమాఫ్రికాలో ఈక్వటోరియల్ గినీ దగ్గర సెర్పెంటీనా అనే ఎఫ్‌పీఎస్‌ఓ ఉంది. కొన్నేళ్ల తర్వాత ఆర్ఓవీలతో తనిఖీ చేస్తే సక్షన్ పైల్స్ ముందు పొడవాటి కందకాలు కనిపించాయి. ఓడ రోజూ ఊగుతుంటే గొలుసు మట్టిని కోస్తూ, కలియబెడుతూ, నీరు ఆ మెత్తటి మట్టిని కడిగేస్తూ పోయింది. కొక్కెం లోతుగా పెట్టి మనం సంపాదించిన బలం, పైల్ ముందు మట్టి ఉందన్న భరోసా మీద నిలిచింది. ఆ మట్టే లేకపోతే? అక్కడ లంగరు వ్యవస్థను మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి డిజైన్ చేసేవాళ్లు కందకాన్ని ముందే ఊహించి లెక్క కడుతున్నారు. అది ఎంత లోతున, ఎన్నేళ్లకు ఏర్పడుతుందన్నది ఇప్పటికీ పరిశోధనలో ఉన్న ప్రశ్న.

ఇంకా పెద్దది, నేలంతా కదలడం. 2004లో ఐవాన్ తుపాను అలలు మిసిసిపీ డెల్టా వాలు మీది మెత్తటి మట్టిని కదిలించాయి. 150 మీటర్లకు కాస్త తక్కువ లోతులో ఉన్న టేలర్ ఎనర్జీ ప్లాట్‌ఫామ్ ఆ బురద జారుడుకు కూలి, బావుల మీద మట్టి కప్పుకుపోయింది. చమురు పదేళ్లు దాటినా కారుతూనే వచ్చింది. పునాది లెక్క తప్పలేదు, పునాది కింది కొండచరియే నడిచింది. గోదావరి, కృష్ణ కూడా డెల్టా నదులే. కేజీ బేసిన్ వాలులోనూ పాత జారుళ్ల గుర్తులు, కాలువలు, విరుగుళ్లు ఉన్నాయి. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ ఇక్కడ వెయ్యి మీటర్ల నీటి కింద మట్టి నెర్రెల్లో, వంద మీటర్లకు మించిన మందంలో గ్యాస్ హైడ్రేట్ కనుక్కుంది. మంచులా ఉండే ఈ పదార్థం చల్లదనం, ఒత్తిడి ఉన్నంత సేపే గట్టిగా ఉంటుంది. పక్కన వేడి చమురు బావి వస్తే కరిగి గ్యాసూ నీరూ అవుతుంది, చుట్టూ ఉన్న మట్టి బలం పోతుంది. కాబట్టి ఇక్కడ లంగరు ఎక్కడ వేయాలన్నది ముందు భూగర్భ శాస్త్రజ్ఞులు తేల్చాల్సిన మాట, ఎంత పొడవు అన్నది తర్వాతి మాట.

అన్ని పునాదులూ ఇంత లోతుకు పోవు. బావుల మీది వాల్వులూ, గొట్టాల చివరి కూడళ్లూ మడ్‌మ్యాట్ అనే ఇనుప చాప మీద కూర్చుంటాయి. బరువును వెడల్పుగా పరిచి పైమట్టిని బతిమాలుకోవడమే దాని ఉపాయం. గొట్టంలో వేడి చమురు పారితే గొట్టం సాగుతుంది, ఆపితే ముడుచుకుంటుంది. చాపను అటూ ఇటూ తోస్తుంది. ఒకప్పుడు దీన్ని ఆపడానికి చాప పెద్దది చేసేవారు. ఇప్పుడు జరగనిచ్చే చాపలే చేస్తున్నారు. జరిగిన ప్రతిసారీ కింది మట్టిలోంచి కాస్త నీరు పిండుకుపోయి మట్టి కొంచెం కొంచెం గట్టిపడుతుందని ప్రయోగాల్లో తేలింది.

ఈ విద్య ఇప్పుడు చమురు దాటి గాలిమరలకు చేరింది. 2017లో మొదలైన హైవిండ్ స్కాట్లాండ్‌లో 5 తేలే గాలిమరల్ని సక్షన్ పైల్సే పట్టి ఉంచాయి. ఒక్కోదానికి మూడు చొప్పున 15. తర్వాత నార్వేలో కట్టిన హైవిండ్ టాంపెన్‌లో 11 మరలకు 19 లంగర్లతో సరిపెట్టారు, పక్క పక్క మరలు ఒకే లంగరును పంచుకుంటాయి. ఖర్చు తగ్గింది గానీ ఒకే పైల్‌ను రెండు మూడు వైపుల నుంచి వంతులవారీగా గుంజుతున్నారు. ఒక తాడు వదులైతే ఇంకోటి బిగుస్తుంది, లాగుడు దిక్కు అలలతో పాటు తిరుగుతూ ఉంటుంది. ఓడ లంగరులో కొక్కెం ఒక దిక్కుకే పెట్టి నిశ్చింతగా ఉండొచ్చు. ఇక్కడ కొక్కేలు ఎన్ని, ఏ దిక్కుకు, ఏ లోతున అన్నవీ, పాతికేళ్ల పాటు అన్ని వైపులా కలియబడే మట్టికి ఎంత బలం మిగులుతుందన్నదీ ప్రతి స్థలానికీ కొత్తగా లెక్కించుకోవాల్సిందే.